‘మనం లీగల్ కదా, మనకేం భయం’ అనే పెద్దమనిషికి

నిన్న రాత్రి పదకొండు గంటలకు ఇక్కడ అమెరికాలో మా అపార్ట్‌మెంటు పార్కింగులో, పై అంతస్తులో ఉండే కుర్రవాడు ఒక చేత్తో ఫోన్ లైటు పట్టుకుని, రెండో చేత్తో కారు వెనక సీటు మీద పడిన అద్దం ముక్కలు ఏరుతూ కనిపించాడు. ఎవరో కిటికీ పగలగొట్టి లాప్‌టాప్ బ్యాగు ఎత్తుకుపోయారు. పోలీసులకు ఫోన్ చేశావా అని అడిగితే, ‘‘వద్దన్నా, ఓపీటీలో ఉన్నాను, వాళ్లు వచ్చి ఇంకేదైనా అడిగితే అదొక కొత్త తలనొప్పి’’ అన్నాడు. ఓపీటీ అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి. ఇంట్లోకి వెళ్లి ఖాళీ సోనా మసూరి సంచి తెచ్చి, నిలువునా కోసి, ప్యాకింగు టేపుతో ఆ కిటికీకి అంటించాడు. పొద్దున అదే కారులో పనికి వెళ్లాడు.

ఈ సంగతి మా వాట్సాప్ గ్రూపులో పెడితే, ఎప్పుడో పౌరసత్వం తీసుకుని స్థిరపడిన ఒక పెద్దమనిషి, ‘‘తప్పు చేయనివాడికి పోలీసంటే భయమెందుకు బాబూ, మనం లీగల్ కదా’’ అని రాసి, కింద రెండు దండాల బొమ్మలు కూడా పెట్టారు. ఆ దండాలు చూశాకే నాకు ఒళ్లు మండింది.

అయ్యా, టెక్సస్‌లో 2017లో వచ్చిన సెనేట్ బిల్లు 4 ప్రకారం, పోలీసు ఎవరినైనా చట్టబద్ధంగా ఆపినప్పుడు వీసా సంగతి అడగవచ్చు. ఫిర్యాదు చేసిన బాధితుణ్ణి మాత్రం, కేసు దర్యాప్తుకు అవసరమైతేనో, బాధితులకిచ్చే వీసాల గురించి చెప్పడానికో తప్ప అడగకూడదని అదే చట్టంలో ఉంది. ఉంటే మాత్రం ఏం లాభం? అర్ధరాత్రి పార్కింగులో నిలబడిన కుర్రవాడు చట్టంలోని మినహాయింపులు నెమరు వేసుకుని 911 నొక్కుతాడా? అది చాలదన్నట్టు, జైలు నడిపే కౌంటీ పోలీసు అధిపతులు, అంటే షెరిఫ్‌లందరూ, కేంద్ర ఇమిగ్రేషన్ పోలీసు విభాగమైన ఐసీఈతో 287-జి ఒప్పందం కుదుర్చుకుని తీరాలని 2025లో సెనేట్ బిల్లు 8 తెచ్చారు. స్థానిక పోలీసుకు ఇమిగ్రేషన్ అధికారి పని అప్పగించే ఈ 287-జి అనే సెక్షన్ 1996 నాటిది. దొంగను పట్టుకోమని మనం పన్ను కట్టి పోషిస్తున్న మనిషి, మన వీసా స్టాంపు చూసే ఉద్యోగం కూడా చేయాలన్నమాట.

విచిత్రమేమిటంటే, కేంద్రం తన పనిని స్థానిక పోలీసుల నెత్తిన రుద్దకూడదని 1997లో సుప్రీంకోర్టులో గెలిచినవాళ్లు మన బోటి వలసదారులేమీ కారు. తుపాకీ కొనేవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు మేమెందుకు చూడాలని మోంటానా, అరిజోనా షెరిఫ్‌లు ఎదురుతిరిగి సాధించిన తీర్పు అది. తుపాకీ దగ్గర పనికొచ్చిన సూత్రం మనిషి దగ్గరికి వచ్చేసరికి చేదయింది. టెక్సస్‌లో కేంద్రం బలవంతపెట్టవలసిన అవసరం కూడా లేకపోయింది, ఆ బలవంతమేదో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చున్నవారే స్వహస్తాలతో చేసిపెట్టారు.

లీగల్ అయితే భయం లేదంటున్నారు కాబట్టి 2025 ఏప్రిల్‌ను ఒకసారి గుర్తు చేస్తాను. పోలీసుల డేటాబేసులో పేరు కనిపించిందన్న సాకుతో వేలాదిమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే వాళ్లు లీగల్‌గా ఉన్నారని చూపే ప్రభుత్వ నమోదులు, రద్దు చేశారు. వాళ్లలో ట్రాఫిక్ టికెట్టు తప్ప మరేమీ లేనివాళ్లు, కోర్టు కేసు కొట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. కోర్టులు వరసగా అడ్డుపడితేగానీ నెలాఖరుకు అవి తిరిగి రాలేదు. వీళ్లంతా లీగలే కదండీ! స్థానిక జైలులో పడిన వేలిముద్ర ఎఫ్‌బీఐ మీదుగా ఇమిగ్రేషన్ వారి కంప్యూటరుకు చేరే ఏర్పాటు 2008 నుంచీ ఉంది. ఆ తీగకు మొదటి కొస పట్టుకుని ఉండేది మన వీధి పోలీసే.

న్యూజెర్సీలో 2018లో అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్, ఎవరి ఇమిగ్రేషన్ స్థితినీ నిష్కారణంగా అడగవద్దని పోలీసులకు ఆదేశమిచ్చారు. న్యాయమూర్తి సంతకం చేసిన వారంటు తెస్తే అమలు చేయవద్దని ఆయన అనలేదు. తీవ్రమైన నేరాలకు మినహాయింపు కూడా ఉంచారు. అంతకు చాలా ముందే, 1979లో, లాస్ ఏంజిలెస్ పోలీసు అధిపతి డారిల్ గేట్స్ ఇలాంటి ఉత్తర్వే జారీ చేశారు. గేట్స్ జాలిగుండె మనిషని ఆయన గిట్టనివాళ్లే కాదు, అభిమానులు కూడా అనరు. సాక్షి పారిపోతే కేసు నిలవదన్న పోలీసు లెక్క అది.

అసలు ఈ పెద్దమనిషి మీద నా కోపం నిన్నటిది కాదు. మిషిగన్‌లో ప్రభుత్వమే ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం తెరిచి, 2019లో మన పిల్లలను పట్టుకుని నిర్బంధ కేంద్రాలకు పంపినప్పుడు కూడా, ‘‘వాళ్లకు తెలిసే చేరి ఉంటారు’’ అని ఇదే గ్రూపులో తీర్పు చెప్పారు. వారిలో తెలిసి చేరినవాళ్లు ఉండవచ్చు, కాదనను. కానీ ఫీజులు పుచ్చుకుని వల పన్నినవారి గురించి ఆయన నోట ఒక్క మాటైనా రాలేదు. అప్పుడు గొడవెందుకని ఊరుకున్నాను.

పోయిన దీపావళికి ఈయనగారి గుమ్మం ముందు నుంచి ఒక పార్శిల్ మాయమైంది. మిఠాయిల పార్శిలే. ఇరవై నిమిషాల్లో పోలీసు వచ్చి, కాగితాలేవీ అడగకుండా ఫిర్యాదు రాసుకుని, హ్యాపీ దివాలీ చెప్పి వెళ్లాడు. ఆ పోలీసు భుజం మీద చెయ్యి వేసి దిగిన ఫోటోను గ్రూపులో పెట్టింది కూడా ఆయనే.