జేజి మోకాలికి రెడ్ అలర్ట్

మన దేశంలో వాతావరణ శాఖ 1875లో పుట్టింది. మా జేజి, అంటే నాయనమ్మ, మోకాలి నొప్పి వయసులో చిన్నదే గానీ, సర్వీసులో ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. అనంతపురం జిల్లాలో వాన గురించి మాట్లాడే అర్హత ఈ ఇద్దరిలో ఎవరిదన్న ప్రశ్నకు, చాలా ఆలోచించి, నేను మోకాలి పక్షాన నిలబడుతున్నాను.

ముందు ఎదుటిపక్షం సంగతి చూద్దాం. 'రాయలసీమలో అక్కడక్కడ తేలికపాటి వర్షాలు' అంటారు. ఈ అక్కడక్కడ ఏ మండలంలో ఉందో అని చాలాకాలం వెతికాను. తీరా చూస్తే అది ఊరు కాదు, లెక్క. పరిశీలన కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే దాన్ని అక్కడక్కడ అంటారట. ముప్పాతిక కేంద్రాలు ఎండినా జోస్యం పాస్! మా బడిలో ఇరవై అయిదు మార్కులకు పాస్ చేసే అయ్యవారు ఒక్కడైనా ఉండుంటే నేనిప్పుడు వ్యాసాలు రాసుకుంటూ ఉండేవాణ్ణి కాదు. ఇక తేలికపాటి అంటే రెండున్నర మిల్లీమీటర్ల నుంచి పదిహేనున్నర దాకా. రెండున్నర మిల్లీమీటర్లు పడితే కాగితం మీద అది వానరోజు. మా ఎర్రనేలకు మాత్రం ఎవరో తుమ్మినట్టు ఉంటుంది. చెనక్కాయలు విత్తాలంటే మాకు పదును కావాలి. జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి. ఆ ముద్దకు పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, ఏ రంగు అలర్టూ లేదు.

జేజి దగ్గర ఈ మెలికలు లేవు. సాయంత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని, ఆముదం రాసి పెనం మీద వెచ్చజేసిన జిల్లేడాకు మోకాలికి కట్టుకుంటూ బులెటిన్ ఇస్తుంది. కుడిది గుంజితే పడమటి వాన. ఎడమది గుంజితే తూర్పు వాన. రెండూ గుంజితే, 'ఒరే, గడ్డి లోపల ఏయండ్రా' అని నేరుగా ఆదేశమే.

మరి తప్పిన రోజులు లేవా అంటే, ఉన్నాయి. కానీ నింద ఎవరి మీద వేయాలన్నదే అసలు విషయం. మోకాలు చెప్పిన వానల్లో చాలా మటుకు పడ్డాయి. కాకపోతే నెల్లూరులో పడ్డాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందని పసిగట్టడం వరకే మోకాలి డ్యూటీ. మేఘాన్ని చెయ్యి పట్టుకుని మా చేనికి తీసుకురావడం దాని జాబ్ చార్టులో లేదు. నైరుతి పడమటి కనుమల దగ్గరే మూట విప్పేస్తుంది, ఈశాన్యం కోస్తా బంధువుల ఇళ్లలో భోంచేసి ఇక్కడికి చేతులూపుకుంటూ వస్తుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు మా వాటా. అది కూడా వాయిదాల మీద.

శాస్త్రవేత్తలు దీని మీదా పడ్డారు. 1996లో అచ్చయిన ఒక పరిశోధనలో పద్దెనిమిది మంది కీళ్లవాతం రోగుల్ని పదిహేను నెలలు గమనించి, నొప్పికీ వాతావరణానికీ సంబంధం కనబడలేదన్నారు. 2019లో బ్రిటన్‌లో రెండున్నర వేల మందికి పైగా తమ నొప్పుల్ని రోజూ ఫోన్‌లో నమోదు చేస్తే, గాలిలో తేమ పెరిగినా ఒత్తిడి తగ్గినా నొప్పి కాస్త ఎక్కువవుతున్నట్టు తేలింది. కాస్త అంటే కాస్తే. ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు ఇక్కడో పుల్ల వేశాడు. వంద మీటర్లు ఎత్తు ఎక్కితే గాలి ఒత్తిడి పది మిల్లీబార్లకు పైనే తగ్గుతుందట. సముద్రంలో అంత తగ్గితే తుఫానుకు పేరు పెట్టేస్తారు. 'అట్లయితే గుత్తి కోట ఎక్కినోళ్లందరికీ మోకాళ్లు గుంజాల గదా జేజీ?' అన్నాడు గెలిచినవాడిలా.

'గుంజవేమిరా మరి? నువ్వెక్కి చూడు' అంది జేజి.

దీనికి జవాబు ఏ పరిశోధనలోనూ దొరకలేదు.

అసలు ముప్పు మొన్న జూన్‌లో వచ్చింది. అత్త పట్నం తీసుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించింది. ఆయన పూటకొక మాత్ర రాశాడు. నాలుగో రోజుకు నొప్పి మాయం. ఊళ్లో వాతావరణ కేంద్రం మూతపడింది. ఆరుద్ర కార్తెలో ఒక రాత్రి చెప్పాపెట్టకుండా వాన దంచింది. కల్లంలో గడ్డివామి మీద పట్ట కప్పే దిక్కు లేదు. జేజి హాయిగా గురక పెట్టి నిద్రపోతోంది. నా ఫోన్లోని యాప్ మాత్రం, బయట చూరు నుంచి నీళ్లు ధారకడుతున్నా, నిర్మలమైన ఆకాశం అని చందమామ బొమ్మ చూపిస్తూనే ఉంది.

తెల్లారేసరికి పెదనాయన, ఇంకో నలుగురు రైతులు అరుగు ముందు నిలబడ్డారు. ఎవరూ ముందు నోరు తెరవరు. చివరికి పెదనాయనే తలపాగా చేతిలోకి తీసుకుని అన్నాడు.

'అమ్మా, విత్తనం పడేదాకా ఆ మాత్రలు ఆపితే...'

జేజి కాళ్లు మెల్లగా ముడుచుకుని, మాత్రల డబ్బీని కొంగున ముడేసుకుంది.

'ఎకరాకెంత ఇస్తారు?'