ముఖం తప్పనిసరి.. మాట ఐచ్ఛికమా?

నిపుణ్ భారత్ పథకం గడువు గుమ్మంలోకి వచ్చేసింది. మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని కేంద్రం 2021 జులైలో ప్రతిజ్ఞ చేసింది. అందుకు పెట్టుకున్న సంవత్సరం 2026-27. మూడో తరగతి పిల్లను నిలబెట్టి, ముందెప్పుడూ చూడని పేరా చేతికిచ్చి, నిమిషానికి 60 పదాలు చదువుతోందా లేదా అని వాచీ చూడటమే ఇప్పుడు పెద్ద పని అయింది. తెలుగులో 'రాయించుకోలేకపోయింది' అన్నదీ ఒక్క పదమే, హిందీలో ఆ మాటకు కనీసం మూడు పదాలు పడతాయి. టెస్టు పెట్టేవాళ్లు ఈ తేడానైనా గుర్తుంచుకోవాలి.

సరే, కొలవండి. కానీ అదే పిల్లకు మూడేళ్లప్పుడు, నాలుగేళ్లప్పుడు ఎవరు కథ చెప్పారు? ఎవరు ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగారు? ఆ లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఎందుకంటే మన విద్యాహక్కు చట్టం ప్రకారం, అంగన్‌వాడీ వయసు పిల్లల కోసం ఆ పని ప్రభుత్వం 'చేయవచ్చు'. చేసి తీరాలని ఎక్కడా లేదు. మా ఆందోళనంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

అంకెలు పాఠకులకు తెలిసినవే. ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ప్రకారం 2018లో గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. 2022కు అవి 10.3కు, 5.2కు పడిపోయాయి. కరోనా దెబ్బ తగిలిన మాట నిజమే. కానీ కరోనా రాకముందు కూడా మన పల్లెల్లో ఐదుగురిలో దాదాపు నలుగురికి కింది తరగతి పాఠం చదవడం రాలేదు. ఆ తప్పు వైరస్ మీద వేయలేం. మూడో తరగతి టీచరు ఒక్కరి మీద వేసి చేతులు దులుపుకోవడమూ కుదరదు.

చదువు అక్షరాలతో మొదలవుతుందని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నాం. మొదలయ్యేది మాటతో. చదవడం అంటే రెండు పనులు: రాసింది పలకగలగడం, పలికింది అర్థం కావడం. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లోనే ఈ రెండింటినీ కూడకూడదు, గుణించాలి అని తేల్చి చెప్పారు. ఎక్కం వచ్చిన ఎవరికైనా దీని అర్థం తెలుస్తుంది. ఒకవైపు సున్నా ఉంటే రెండోవైపు ఎంతున్నా మిగిలేది సున్నాయే. గుణింతాలన్నీ అప్పజెప్పి, 'చెరువు గట్టు తెగింది' అని గుక్క తిప్పుకోకుండా చదివి, ఏమైందమ్మా అని అడిగితే తెల్లమొహం వేసే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. ఆ పిల్లలకు అక్షరం వచ్చింది. గట్టు, తెగడం, ఊళ్లోకి నీళ్లు రావడం గురించి వాళ్లతో కూర్చుని మాట్లాడినవాళ్లు లేరు.

అక్షరం పలకడానికి కూడా చెవి ముందే సిద్ధమై ఉండాలి. 'మామిడి' అంటే మూడు చప్పట్లు, 'చింత' అంటే రెండు. 'క'తో మొదలయ్యేవి చెప్పండి అంటే కాకి, కుండ, కోడి. ఇది ఆటలా కనిపిస్తుంది. కానీ మాటను ముక్కలుగా వినడం నేర్చిన పిల్లకే, తర్వాత ఆ ముక్కకు ఒక గుర్తు ఉందంటే నమ్మకం కుదురుతుంది. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. 26 అక్షరాల పని కాదు ఇది, ఏళ్లు పడుతుంది. అందుకే ముందు నుంచీ పునాది కావాలి. ఇదివరకు ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ పొడుపు కథలతో, లాలిపాటలతో తెలియకుండానే ఆ పునాది వేసేవారు. ఇప్పుడు తల్లి తెల్లారకముందే పత్తి ఏరడానికో, మిర్చి కోయడానికో కూలి ఆటో ఎక్కుతోంది. పిల్ల చేతికి ఫోన్ వస్తోంది. ఫోన్ మాట్లాడుతుంది కానీ జవాబు కోసం ఆగదు. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమె పిల్లను ఎవరి చేతిలో పెట్టి వెళుతోంది, ఆ చేతికి మనం ఏ బలం ఇచ్చాం అన్నదే అసలు విషయం.

ఉదయం పది గంటలకు అంగన్‌వాడీకి వెళ్లి గంటసేపు కూర్చుంటే అది తెలిసిపోతుంది. ఒక గది. ఓ మూల బియ్యం బస్తాలు, గుడ్ల ట్రేలు, బరువు తూచే మిషను. చాప మీద పదిహేను మంది పిల్లలు. టీచర్ చార్టు మీద కర్ర పెట్టి 'ఇదేంటి?' అంటుంది. 'కుక్క!' 'ఇది?' 'ఆవు!' ఇంతలో ఓ పాప లేచి, 'టీచర్, రాత్రి మా ఆవు ఈనింది' అంటుంది. నిజానికి ఆరోజు పాఠం అదే. దూడ ఏ రంగు? లేచి నిలబడిందా? ఎవరు దగ్గరున్నారు? పది నిమిషాలు మాట్లాడిస్తే పదిహేను మందికీ ఇరవై కొత్త మాటలు వస్తాయి. కానీ అప్పటికే గుమ్మంలో రేషన్ కోసం ఓ తల్లి నిలబడి ఉంది. ఫోన్ ఆమె ముఖాన్ని పట్టడం లేదు, నెట్ తిరుగుతూనే ఉంది. 'కూర్చో నాన్నా' అంటుంది టీచర్. పాప కూర్చుంటుంది.

ఆ టీచర్‌ని అనడానికి ఏముంది? ఇంటికిచ్చే రేషన్‌కు లబ్ధిదారు ముఖం స్కాన్ చేయడం 2025 జులై నుంచి తప్పనిసరి. అంగన్‌వాడీ లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీ తప్పనిసరి. బరువు, ఎత్తు తప్పనిసరి. సర్వే అంటే సర్వేకు వెళ్లాలి, ఓటర్ల జాబితా అంటే ఆ పనీ చేయాలి. ఇవన్నీ చేయకపోతే మెమో వస్తుంది. రోజుకు రెండు గంటలు పిల్లలకు ప్రీస్కూల్ నడపాలని కేంద్రం పెట్టిన 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతో పాటు చదువూ) కార్యక్రమం చెబుతోంది. ఆ రెండు గంటలు నడవకపోతే అడిగే నాథుడు లేడు. ముఖం తప్పనిసరి, మాట ఐచ్ఛికం. ఈ తేడా టీచర్ సృష్టించింది కాదు, పైనుంచి దిగింది.

ఎంత పైనుంచి దిగిందో చూడండి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో, మన రాష్ట్రం పేరు మీదున్న కేసులోనే, 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్లలోపు వాళ్లు అందులో లేరని అనలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్లకు కుదించింది. ఆరేళ్లలోపు వారి కోసం ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అని 45వ అధికరణలో రాసి సరిపెట్టింది. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం. అందులో 11వ సెక్షన్ చదివితే, మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత ప్రీస్కూల్ కోసం ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని ఉంటుంది. హక్కు కాస్తా ప్రయత్నమైంది, ప్రయత్నం కాస్తా దయాదాక్షిణ్యమైంది. మరోవైపు మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. అంత ముఖ్యమైన వయసుకు చట్టంలో దక్కింది 'చేయవచ్చు' అన్న ఒక్క క్రియాపదం.

టీచర్ విషయంలోనూ ఇదే రెండు నాల్కల ధోరణి. సభల్లో ఆమెను టీచర్ అంటారు. తెలంగాణలో పేరే మార్చారు కూడా. జీతం దగ్గరికొచ్చేసరికి అది జీతం కాదట, గౌరవ వేతనమట. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 రూపాయలు, తెలంగాణలో 13,650. వంట చేసి, పిల్లల ముక్కు తుడిచి, తలుపులు వేసేదాకా ఉండే ఆయాకు 7,000, 7,800. ఇందులో కేంద్రం తన వంతుగా 2018లో టీచర్‌కు 3,000 నుంచి 4,500 చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు. గ్రాట్యుటీ ఇవ్వాలని చెప్పించుకోవడానికి గుజరాత్ అంగన్‌వాడీ వర్కర్లు సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో గానీ తీర్పు రాలేదు.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు ఏం జరిగిందో అందరూ చూశారు. 42 రోజులు రోడ్ల మీదే ఉన్నారు. కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. 2024 జనవరిలో అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టి వాళ్లది అత్యవసర సేవ అన్నారు. మంచిదే. అత్యవసర సేవ అయితే, జీతం అడిగినప్పుడూ అది అత్యవసరమే కావాలి. సమ్మె చేస్తే అత్యవసరం, జీతం అడిగితే గౌరవ సేవ! ఆ ప్రభుత్వం పోయి వేరే ప్రభుత్వం వచ్చింది. ఈ ధోరణి మాత్రం పార్టీ చూసి మారదని రెండు రాష్ట్రాల అనుభవమూ చెబుతోంది.

ఇక శిక్షణ. ఒకటో తరగతికి చెప్పే టీచరు రెండేళ్లు డీఎడ్ చదవాలి. మూడేళ్ల పిల్లకు చెప్పే టీచర్‌కు 'పోషణ్ భీ పఢాయీ భీ' కింద ఇచ్చే శిక్షణ మూడు రోజులు. ఒక కథను మూడు రోజులపాటు మూడు రకాలుగా ఎలా చెప్పాలి, మాట రాని పిల్లను ఎలా కదిలించాలి, 'ఇదేంటి'తో ఆగకుండా 'ఎందుకు' దాకా ఎలా వెళ్లాలి.. ఇవి సర్క్యులర్ చదివితే వచ్చేవి కావు. పక్కన కూర్చుని చూపించేవాళ్లు కావాలి, నెల తిరిగాక మళ్లీ వచ్చి చూసేవాళ్లు కావాలి. సూపర్‌వైజర్ వస్తోంది, నిజమే. వచ్చి స్టాకు చూస్తుంది, రిజిస్టర్ చూస్తుంది, యాప్‌లో పెండింగ్ ఎంతుందో చూస్తుంది. ఆమె పై అధికారి అడిగేవి కూడా అవే.

నిధుల కొరత ఉందని, రేషన్ పక్కదారి పట్టకుండా యాప్‌లు అవసరమని ప్రభుత్వాలు అంటాయి. పోషణ ముఖ్యమే, లీకేజీ ఆపాల్సిందే. కాదనం. అయితే ఆ పనికి వేరే మనిషిని పెట్టండి. గుడ్లు లెక్కపెట్టే మనిషి, పిల్లతో మాట్లాడే మనిషి ఒక్కరే అయితే నష్టపోయేది ఎప్పుడూ పిల్లే. గుడ్డుకు లెక్క ఉంటుంది, మాటకు లెక్క ఉండదు కాబట్టి.

తల్లిదండ్రులు ఇంగ్లిష్ అడుగుతున్నారన్నది ఇంకో వాదన. అడగనివ్వండి, వాళ్లకు ఆ హక్కుంది. ఇంట్లో మాట్లాడే భాషలో కథ చెప్పగలిగిన పిల్లకు ఇంగ్లిష్ కూడా త్వరగా వంటబడుతుంది. ఏ భాషలోనూ నాలుగు వాక్యాలు కలపలేని పిల్ల చేతికి ఏ మీడియం పుస్తకం ఇచ్చినా ఒకటే.

ఇంటి భాష తెలుగు కాని పిల్లల సంగతి మరీ అన్యాయం. కోయ, గోండు, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్ల అంగన్‌వాడీ గుమ్మం తొక్కగానే మూగదైపోతోంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసి బహుభాషా విద్య మొదలుపెట్టారు. మంచి పని. అదీ బడిలో చేరాక మొదలయ్యేదే. అంతకుముందు మూడేళ్లు ఆ పిల్లతో ఆమె భాషలో ఎవరు మాట్లాడాలి? గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఏ చట్టమూ ఆయనకు తప్పనిసరి అని చెప్పలేదు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరిపే ప్రభుత్వాలు, సీతంపేట కొండల్లోని అంగన్‌వాడీలన్నిటిలో సవర వచ్చిన టీచరే ఉందని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలవా?

రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. అంటే గది ఉంది, మనిషి ఉంది, పిల్లలు వస్తున్నారు. కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. పిల్లలతో మాట్లాడటమే పనిగా ప్రతి కేంద్రంలో ఒక టీచర్‌ని ఉంచాలి, రేషన్, యాప్‌ల పని ఆమె చేతిలోంచి తీసేయాలి. టీచర్ అని పిలుస్తున్నప్పుడు టీచర్ జీతమే ఇవ్వాలి. ఇది మొదలుపెట్టడానికి ఢిల్లీ వైపు చూడాల్సిన పనీ లేదు. 11వ సెక్షన్ 'ప్రభుత్వం చేయవచ్చు' అంది. చేయొద్దని అనలేదు. 'చేయవచ్చు'ను 'చేయాలి'గా రాసుకుంటూ ఒక బిల్లు తేవడానికి హైదరాబాద్‌లో, అమరావతిలో ఎవరు అడ్డుపడుతున్నారు?

రేపో మాపో నిపుణ్ ఫలితాలు వస్తాయి. అంకెలు బాగా లేకపోతే మంత్రులు ఎవరి మీద ఎగురుతారో మాకు ఇప్పుడే తెలుసు: మూడో తరగతి టీచరు మీద, మండల విద్యాధికారి మీద. అంగన్‌వాడీలో ఒక పిల్లను నోరు తెరవనివ్వడానికి పది నిమిషాలు కూడా మిగల్చని ఉత్తర్వుల కింద సంతకాలు పెట్టింది మీరే. ముందు ఆ సంతకాలకు జవాబు చెప్పి, తర్వాత బడి వైపు వేలు చూపించండి.