కప్పు గారూ, ఇంతకీ తమరి బరువెంత?

మహారాజశ్రీ కొలత కప్పు గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, కుశలం తమరికే, మా కేకులకు కాదు.

తమరి పేరు ఒక్కటే, ఒళ్లు మాత్రం దేశానికో తీరు. అమెరికాలో 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో పాటు ఊరికే వచ్చే తమరి తమ్ముడైతే 180. రెసిపీలో ‘కప్పు మైదా’ అని కనపడగానే మనవాళ్ల చేతికి ముందు తగిలేది ఆయనే. అన్నీ ఆయనతోనే కొలిస్తే సరిపోదా అంటారేమో. ఆవకాయకైతే సరిపోతుంది. కారం, ఆవపిండి, ఉప్పు ఒకే గిన్నెతో కొలిచినంత కాలం ఆ గిన్నె ఎంతదైనా పేచీ లేదు. కేకులో గుడ్లున్నాయే! వాటిని లెక్కపెట్టి వేస్తారు గానీ తమరితో కొలవరు. మిగతావన్నీ పావు వంతు తగ్గి, గుడ్లు మాత్రం తగ్గకపోతే పొయ్యిలోంచి బయటికొచ్చేది ఆమ్లెట్‌కి అన్నగారు.

సైజు గొడవ పోనివ్వండి, అసలు తగాదా మైదా దగ్గర. చెంచాతో మెల్లగా వేసి, పైన కత్తితో చదును చేస్తే తమరిలో పట్టేది 120 గ్రాములు. అదే తమరిని డబ్బాలో ముంచి లాగితే 140. నాలుగు తట్లు తట్టి, ఇంకాస్త కూరితే 150 దాటినా ఆశ్చర్యం లేదు. మూడు కప్పుల బ్రెడ్డులో 90 గ్రాముల తేడా, అంటే ముద్ద రాయి కట్టినట్టే. తమరు మాత్రం అంచు దాకా నిండి, ఏమీ ఎరగనట్టు నిలబడతారు.

తమరికి ఈ చదును మర్యాద నేర్పినావిడ బోస్టన్ వంట బడి ఫ్యానీ ఫార్మర్, 1896లో. అంతకుముందు అక్కడ ‘గుడ్డంత వెన్న’ అని రాసుకునేవారట. ఆ రోజులతో పోలిస్తే తమరు మేలే, కాదనను. కానీ కత్తి పైన పోతుంది, లోపలి గాలిని ఏం చేస్తుంది?

పక్షపాతం కూడా తక్కువేం లేదు. పంచదారకు 200 గ్రాములు, కోకోకు 85, తేనెకు 340. తేనెలో ఎంత గిన్నెలో పడిందో, ఎంత తమరి గోడలకే అంటుకుందో ఆ దేవుడికే తెలియాలి. వెన్న 227 గ్రాములట! అమెరికాలో వెన్న కడ్డీ కాగితం మీద గీతలుంటాయి, కోసుకుంటారు. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి తీసిన అర కిలో ముద్దను తమరిలోకి బొటనవేలితో కుక్కాలి, అడుగున ఖాళీ ఉందేమోనని వెలుతురుకి ఎత్తి చూడాలి, మళ్లీ వేలితోనే గీకి తీయాలి. ఆ తర్వాత తమరి జిడ్డు వదిలించడం ఇంకో పూట పని.

అందుచేత బదిలీ ఉత్తర్వులు జారీ చేస్తున్నాం. మైదా, పంచదార, వెన్న, కోకో బాధ్యతలు కాటా గారికి అప్పగించండి. గిన్నె పెట్టి సున్నా నొక్కి మైదా, మళ్లీ సున్నా నొక్కి పంచదార. ఆయన కింద కడగాల్సిన సామాను లేదు. టీస్పూన్ల ఉద్యోగం పర్మనెంటే, ఎందుకంటే అర చెంచా వంటసోడా మూడు గ్రాములు, ఇళ్లలో కాటాలు అంత చిన్న బరువు దగ్గర తడబడతాయి. తమరికి పాలు, నీళ్ల శాఖ. అక్కడ తట్టినా, కూరినా తేడా రాదు.

రేపే జాయినవ్వగలరు. టీఏ, డీఏలు ఉండవు.

ఇట్లు,
మైదా డబ్బా తరఫున