టూల్ వాడండి, కానీ అది ఏ ఫైల్ మార్చిందో చూడండి

విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కి కొత్తగా వచ్చినవాళ్లు సెట్టింగులన్నీ ఆటోమేటిక్ టూల్స్‌కే వదిలేయాలి, సెట్టింగుల ఫైళ్ల జోలికి పోవద్దు అని మీ వ్యాసంలో రాశారు. సగం వరకే ఒప్పుకుంటాను. మొదటి వారం సరే, వైఫై కూడా రాకపోతే ఎవరికైనా విసుగొస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని చదువుకుంటున్న మా చెల్లెలి కొడుకు పాత కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్ వేసుకుని, రెండో హార్డ్ డిస్క్ దానంతటదే మౌంట్ అయ్యేలా (వాడుకోవడానికి సిద్ధమయ్యేలా) ఎక్కడో దొరికిన స్క్రిప్టు, అంటే కమాండ్ల చిట్టా, నడిపాడు. నెల తర్వాత ఆ డిస్క్ ఊడదీశాడు. అంతే, ఆన్ చేస్తే నిమిషంన్నర ఆగి ఎమర్జెన్సీ మోడ్ అంటూ నల్ల స్క్రీన్, పొద్దున్నే ప్రాజెక్ట్ చూపించాలి, రాత్రి పదకొండింటికి "మావయ్యా, మొత్తం పోయింది" అని ఫోన్. ఏమీ పోలేదు. ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్‌లో, ఏ డిస్కులు మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, ఆ స్క్రిప్టు చేర్చిన డిస్క్ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి (అలా పెడితే సిస్టమ్ ఆ లైన్‌ని పట్టించుకోదు) రీబూట్ చేయమని విజయవాడ నుంచి ఫోన్‌లోనే చెప్పాను, లేచింది. ఆ లైన్లో, డిస్క్ లేకపోయినా ముందుకెళ్లమని చెప్పే నోఫెయిల్ అనే ఒక్క మాట ఉంటే అసలు ఆగేదే కాదు. పాపం, వాడికి అలాంటి ఫైల్ ఒకటి ఉందనే తెలియదు!

అలాగని అన్నీ చేత్తో రాయమనడం లేదు. ఉబుంటులో రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకు అడ్రసులు వెతికి చెప్పే సర్వర్) మార్చితే నిలవదు, ఆ ఫైల్‌ని సిస్టమ్‌డీ అనే సిస్టమ్ ప్రోగ్రామ్ చూసుకుంటుంది, మార్చవద్దని ఆ ఫైల్ పైభాగంలోనే రాసి ఉంటుంది.

టూల్ నడిపే ముందు ఈటీసీ ఫోల్డర్ కాపీ తీసుకుని, తర్వాత తేడాలు చూపించే డిఫ్ కమాండ్‌తో పోల్చి చూడమని వ్యాసంలో దయచేసి చేర్చండి.