‘50 స్లాంగ్ మాటలు వస్తే ఇంగ్లీషు వచ్చేసినట్టే’ అన్న ప్రచారానికి ఖండన

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ మధ్య ఒక సందేశం రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంది. సారాంశం ఇది: పుస్తకాల ఇంగ్లీషు ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు, గ్రామర్ పక్కన పెట్టి ‘రిజ్’ (ఎదుటివాళ్ళను ఆకట్టుకునే నేర్పు), ‘నో క్యాప్’ (అబద్ధం కాదు), ‘బెట్’ (సరే), ‘స్లే’ (అదరగొట్టడం) లాంటి 50 స్లాంగ్ మాటలు, అంటే కుర్రకారు జనవాడుక మాటలు, నెల రోజుల్లో బట్టీ పడితే సినిమాలూ సిరీస్‌లూ అర్థమైపోతాయి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళలా మాట్లాడొచ్చు. దాని కింద ఆ మాటలూ, ఒక్కోదానికి ఒక్క ముక్కలో అర్థమూ ఉంటాయి.

స్లాంగ్ నేర్చుకోవద్దని మేం చెప్పడం లేదు. అది భాషను పాడుచేస్తుందన్న వాదన కూడా అంతే తప్పు. మా అభ్యంతరమల్లా ఆ జాబితా పద్ధతి మీదే. స్లాంగ్ విని అర్థం చేసుకోవడం ఒక పని, నోటితో వాడటం మరో పని. మొదటిదానికి ఎన్ని మాటలు తెలిస్తే అంత మేలు. రెండోదానికి ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ దేశంలో, వాక్యంలో ఏ చోట వాడతారో తెలియాలి. జాబితాలో లేకుండా పోయేవి సరిగ్గా ఇవే.

“ఇప్పుడు అందరూ ఇలాగే మాట్లాడుతున్నారు”

అందరూ మాట్లాడరు. ఈ మాటల్లో ఎక్కువ భాగం కుర్రకారు తమలో తాము అనుకునేవి. ఆ కుర్రవాళ్ళే టీచరుతో, డాక్టరుతో, తాతతో మాట్లాడేటప్పుడు వాటిని పక్కన పెట్టేస్తారు. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంస్థ ‘రిజ్’ను ఆ ఏటి పదంగా ఎంచుకుంది కదా అంటారు. ఆ గుర్తింపు ఆ ఏడాది ఆ మాట ఎంత ప్రచారంలో ఉందో చెబుతుంది. నలభై ఏళ్ళ మనిషి ఆఫీసులో దాన్ని వాడతాడని చెప్పదు. 2025లో డిక్షనరీ డాట్ కామ్ ఎంచుకున్న ‘సిక్స్ సెవెన్’కైతే స్థిరమైన అర్థమే లేదు. అది పిల్లల మధ్య ఒక ఆట, అంతే.

పైగా ఈ మాటల ఆయుష్షు ఒకేలా ఉండదు. 2014లో ‘వైన్’ అనే వీడియో యాప్‌లో వచ్చిన ఒక చిన్న వీడియోతో ‘ఆన్ ఫ్లీక్’ (చక్కగా కుదిరింది) ఊరూవాడా పాకింది. ఇప్పుడు ఎవరైనా అంటే పాతకాలం మాటలా వినిపిస్తుంది. మరోపక్క 1839లో బోస్టన్ పత్రికలో ఒక సరదా పొట్టిమాటగా అచ్చయిన ‘ఓకే’ ప్రపంచమంతా నిలిచింది. ‘కూల్’ కూడా దశాబ్దాలుగా చెక్కుచెదరలేదు. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో తెలియకుండా 50 మాటలూ ఒకే శ్రద్ధతో బట్టీ పట్టడం శ్రమ దండగ.

“ఈ 50 మాటలతో సినిమాలు అర్థమవుతాయి”

పదజాలం మీద పనిచేసిన పాల్ నేషన్ 2006లో ప్రచురించిన అంచనా ప్రకారం, మాట్లాడే ఇంగ్లీషును ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకోవాలంటే 6,000 నుంచి 7,000 పద కుటుంబాలు తెలియాలి. రాత ఇంగ్లీషుకైతే 8,000 నుంచి 9,000. ‘హెల్ప్’, ‘హెల్పర్’, ‘హెల్ప్‌ఫుల్’ అన్నీ కలిపి ఒక కుటుంబం. వేల కుటుంబాల లోటును 50 మాటలు పూడ్చలేవు.

నిజానికి సినిమా అర్థం కాకపోవడానికి చాలాసార్లు స్లాంగ్ కారణమే కాదు, ఉచ్చారణ. ‘వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ’ అన్నది వేగంగా మాట్లాడేటప్పుడు ‘వాచ గన డూ’ అయిపోతుంది. ‘డిడ్ యూ ఈట్’ కాస్తా ‘జీట్’ దాకా కుంచించుకుపోతుంది. విడివిడిగా తెలిసిన మాటలే కలిసిపోయి వినిపించడంతో చెవి పట్టుకోలేకపోతుంది. అయిదారు సెకన్ల ముక్కను సబ్‌టైటిల్ లేకుండా మూడుసార్లు విని, విన్నది రాసుకుని, తర్వాత సబ్‌టైటిల్‌తో పోల్చుకునే సాధన దీనికి మందు.

ఇంకో సంగతి. రోజూ చెవిన పడే వాడుక ఈ జాబితాల్లోకి ఎక్కదు, ఎందుకంటే అందులో మెరుపు లేదు. ఏమైనా తీసుకుంటారా అన్నప్పుడు ‘ఐ యామ్ గుడ్’ అంటే ‘వద్దులెండి’ అని. ‘ఐ యామ్ డౌన్’, ‘ఐ యామ్ అప్ ఫర్ ఇట్’ రెండూ ‘నేను సిద్ధం’ అనే. ‘ఐ యామ్ ఫీలింగ్ డౌన్’ అంటే మాత్రం దిగులుగా ఉందని. ‘షీ వాజ్ లైక్’ అని మొదలుపెట్టి ఎదుటివాళ్ళ మాటను తిరిగి చెప్పడం, పొరపాటు ఒప్పుకుంటూ ‘మై బ్యాడ్’ అనడం, వాక్యం చివర ‘ఆర్ సంథింగ్’ తగిలించడం: ఇవి ఇలా వచ్చి అలా పోయేవి కావు, చాలా వయసులవాళ్ళు వాడతారు. ముందు నేర్చుకోవలసినవి ఇవే.

“స్లాంగ్‌కి గ్రామర్ లేదు”

మొత్తం ప్రచారంలో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. స్లాంగ్‌కి గ్రామర్ ఉంది, అదీ చాలా కచ్చితమైనది. ఒక్క చిన్న ముక్క మారితే అర్థం తిరగబడుతుంది.

‘హీ కుక్‌డ్’ అంటే అదరగొట్టాడని మెచ్చుకోలు. ‘హీ ఈజ్ కుక్‌డ్’ అంటే వాడి పని అయిపోయిందని. తేడా ఒక్క ‘ఈజ్’. ‘లెట్ హిమ్ కుక్’ అంటే అడ్డుపడకుండా అతని పని అతన్ని చేయనివ్వమని. జాబితాలో ‘కుక్’ పక్కన ‘బాగా చేయడం’ అని చదివినవాడు, ‘యూ ఆర్ కుక్‌డ్’ అని స్నేహితుణ్ణి పొగడబోయి నువ్వు మునిగావని చెప్పినట్టవుతుంది.

‘ది మూవీ వాజ్ ద బాంబ్’ అంటే అద్భుతం. ‘ఎ బాంబ్’ అంటే అమెరికాలో ఘోరంగా పోయిన సినిమా. ఈ ‘ద బాంబ్’ ఇప్పుడు పాతబడింది గానీ, ఆర్టికల్ పనేమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం. ఎవరి మీదైనా హఠాత్తుగా వికర్షణ కలిగితే ‘హీ గేవ్ మీ ది ఇక్’ అంటారు. అక్కడ ‘ది’ లేకపోతే మాట కుంటుతుంది.

‘రిజ్’ నామవాచకం: ‘హీ హ్యాజ్ రిజ్’. ‘హీ ఈజ్ రిజ్’ అనరు. క్రియగా అయితే పక్కన మామూలుగా ‘అప్’ తోడు వస్తుంది. ‘ఘోస్ట్’ (చెప్పాపెట్టకుండా మాటలు మానేయడం) క్రియకు మనిషి నేరుగా కర్మ అవుతాడు: ‘షీ ఘోస్టెడ్ మీ’. మధ్యలో ‘విత్’ పెట్టడం నేర్చుకునేవాళ్ళు తరచుగా చేసే తప్పు. ‘లోకీ’ మామూలుగా క్రియకో విశేషణానికో ముందు వస్తుంది: ‘ఐ లోకీ వాంట్ టు గో’. జాబితాలు దాన్ని ‘రహస్యంగా’ అని తేల్చేస్తాయి. వాడుకలో అది చాలాసార్లు ‘కొంచెం, ఒప్పుకోవాలంటే’ అన్నంత మెత్తని మాట.

‘గన’, ‘వాన’ల సంగతి వేరు. అవి స్లాంగ్ కావు, ‘గోయింగ్ టు’, ‘వాంట్ టు’ల కుదింపు రూపాలు. వాటికీ హద్దులున్నాయి. ‘గన’ తర్వాత క్రియే రావాలి. ‘ఐ యామ్ గన ఈట్’ సరే. బడికి వెళ్తున్నానని చెప్పడానికి ‘ఐ యామ్ గన స్కూల్’ అనడం కుదరదు. ‘ఎవరు గెలవాలని కోరుకుంటున్నావు’ అని అడిగే ‘హూ డూ యూ వాంట్ టు విన్’లో ‘వాంట్ టు’ను ‘వాన’గా కుదించరు, ఎందుకంటే గెలిచేది నువ్వు కాదు, ఆ ‘హూ’.

“అర్థం తెలిస్తే ఎక్కడైనా వాడొచ్చు”

‘పిస్‌డ్’ అంటే అమెరికాలో కోపంగా ఉన్నవాడు, బ్రిటన్‌లో తాగి ఉన్నవాడు. ‘థాంగ్స్’ ఆస్ట్రేలియాలో కాళ్ళకు వేసుకునే చెప్పులు, అమెరికా, బ్రిటన్‌లలో లోదుస్తులు. జట్టుకు మద్దతిస్తున్నానంటూ అమెరికన్లు మామూలుగా వాడే ‘రూట్’ క్రియ ఆస్ట్రేలియాలో బూతు. ‘ఫ్యానీ’ అమెరికాలో పిరుదులకు సున్నితమైన పేరు, బ్రిటన్‌లో స్త్రీ జననాంగానికి బూతుమాట. జాబితాలో దేశం పేరు లేకపోతే ఇవన్నీ బోర్లా పడేసే మాటలే.

దీనికంటే బరువైన విషయం మరొకటుంది. ‘నో క్యాప్’, ‘ఫినా’ (చేయబోతున్నా), ‘లిట్’ (అదిరింది), ‘వోక్’ (అన్యాయాల పట్ల మెలకువ) వంటివి నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషు నుంచి వచ్చాయి. ‘స్లే’, ‘షేడ్’ (చురక) ప్రచారంలోకి రావడానికి న్యూయార్క్‌లోని నల్లజాతి, లాటినో స్వలింగ, ట్రాన్స్ సమూహాల బాల్‌రూమ్ సంస్కృతి (ముస్తాబు, నాట్య పోటీల వేడుకలు) మూలం. వాళ్ళ ఇంగ్లీషు తప్పుల ఇంగ్లీషు కాదు. ‘హీ బీ వర్కింగ్’ అంటే ఇప్పుడు పనిలో ఉన్నాడని కాదు, అలవాటుగా పనిచేస్తుంటాడని. ఆ ఇంగ్లీషుకు సొంత నియమాలున్నాయనడానికి ఇది ఉదాహరణ. అందరి నోళ్ళలో నలిగిన ఒకటి రెండు మాటలు వాడితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ యాసనూ, ఆ క్రియారూపాలనూ, ఆ ఊపునూ బయటివాళ్ళు అనుకరిస్తే మాత్రం వెక్కిరింపుగా వినిపిస్తుంది. పాటల్లో ఆ సమూహంవాళ్ళు తమలో తాము అనుకునే కొన్ని తిట్టు మాటలు బయటివాళ్ళు పాడుతూ కూడా పలకకూడదు. అవి విని అర్థం చేసుకోవడం వరకే.

“ఇంటర్వ్యూల్లో, పరీక్షల్లో మార్కులు పడతాయి”

విదేశీ చదువుకో ఉద్యోగానికో రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ భాగంలో పదజాలానికి నాలుగో వంతు బరువుంది. పై బ్యాండ్ల (ఎక్కువ స్కోరు స్థాయిల) వర్ణనలో నుడికారపు వాడుకతో పాటు శైలి ఎరుక (ఎక్కడ ఏ తీరులో మాట్లాడాలో తెలియడం) కూడా అడుగుతారు. నుడికారమూ స్లాంగూ ఒకటి కాదు. పరీక్షకుడితో ‘నో క్యాప్’ అంటే శైలి ఎరుక లేదని చూపించుకోవడమే. ఉద్యోగ ఇంటర్వ్యూకీ ఇదే వర్తిస్తుంది.

మరి ఎలా నేర్చుకోవాలి

కొత్త మాట ఎదురైతే ఒంటరిగా రాసుకోకండి. విన్న వాక్యం మొత్తం రాసి, పక్కన నాలుగు వివరాలు చేర్చండి: ఎవరు ఎవరితో అన్నారు, మెచ్చుకోలా ఎగతాళా, ఏ దేశం, ఏ నెలలో విన్నారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురి నోట, మూడు వేర్వేరు సందర్భాల్లో వినేదాకా దాన్ని ‘అర్థం చేసుకునే’ పేజీలోనే ఉంచండి. తర్వాతే ‘వాడే’ పేజీకి మార్చండి. రెండో పేజీలో పది మాటలున్నా చాలు.

వినడానికి యూగ్లిష్ అనే వెబ్‌సైటు ఉపయోగపడుతుంది. మాట టైపు చేస్తే అది పలికిన వీడియో ముక్కలు వస్తాయి, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఉచ్చారణలు విడిగా ఎంచుకోవచ్చు. ఆయుష్షు తెలియాలంటే జనం ఏ మాటను ఎంత వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో అయిదేళ్ళ గ్రాఫ్ చూడండి: నిటారుగా లేచి పడిపోయిందా, లేచి ఒక మట్టంలో నిలిచిందా. ‘రిజ్’ లాంటి కొత్త మాటకు ఇది పనిచేస్తుంది. ‘కుక్‌డ్’ లాంటి పాత మాటకు పనిచేయదు, వంటల వెతుకులాటలన్నీ అందులో కలిసిపోతాయి. అర్బన్ డిక్షనరీ అనే స్లాంగ్ వెబ్‌సైటులో ఎవరైనా రాయొచ్చు. ఓట్లు ఎక్కువ పడ్డ అర్థం చాలాసార్లు హాస్యం కోసం రాసినది. అక్కడ అర్థం కన్నా తేదీనీ ఉదాహరణనూ చూసి, మెరియమ్ వెబ్‌స్టర్ లాంటి నిఘంటువుతో సరిచూసుకోండి.

ఎదుటివాళ్ళు స్లాంగ్‌లో అన్నారని మీరూ స్లాంగ్‌లోనే బదులివ్వనక్కర్లేదు. ‘దట్ వాజ్ ఫైర్’ (అదిరిపోయింది) అన్నవాళ్ళకు ‘యెస్, ఐ రియల్లీ లైక్‌డ్ ఇట్’ అంటే సరిపోతుంది, ఎవరికీ వింతగా అనిపించదు. అర్థం కాకపోతే ‘సారీ, వాట్ డస్ దట్ మీన్?’ అని అడిగేయండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ళూ పిల్లల్ని ఇదే అడుగుతారు. మీరు వాడిన మాటకు ఎదుటివాళ్ళ మొహంలో అయోమయం కనిపిస్తే, సంజాయిషీకి దిగకుండా ‘ఐ మీన్’ అంటూ అదే సంగతిని మామూలు ఇంగ్లీషులో చెప్పి మాట కొనసాగించండి.