తలకు తగిలిన దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా రాయాలి

తలకు దెబ్బతో మనిషిని క్యాజువాలిటీకి తెస్తే కేస్ షీట్లో తరచూ ఒక్క ముక్కే పడుతుంది: ‘ఆర్టీఏ’, అంటే రోడ్డు ప్రమాదం. లేదంటే ‘కింద పడ్డారు’. వైద్యానికి ఆ ముక్క చాలవచ్చు. రేపు ఇంకొకరు అలా పడకుండా చూడాలంటే మాత్రం ఏమాత్రం చాలదు. గోదావరి డెల్టాలో తలకు దెబ్బలు ఎక్కడబడితే అక్కడ తగలవు. వాటికి ఒక చోటు, ఒక కాలం, ఒక పని ఉంటాయి.

ముందు బండ్ల సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, అందులో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేదని ఆ మనిషిని తిట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మన కాలువ గట్టు రోడ్లు చూడండి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, దీపం ఉండదు. కోతలైతే సగం రోడ్డు ధాన్యానిదే. రాత్రి పరదా కప్పి, అంచున రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాయి బండికి కనబడదు.

ఇందులో రైతును తప్పుపట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోరు. ఆరబెట్టడానికి కల్లం లేదు, ఆకాశం చూస్తే మబ్బు. ఇక మిగిలింది తారు రోడ్డే. ఊరికి సరైన కల్లాలుంటే, డ్రయ్యర్లుంటే కొన్ని తలలు పగలకుండా ఉంటాయి. వ్యవసాయ శాఖ బడ్జెట్‌ను ఈ లెక్కలో చూసేవాళ్లు కనబడరు.

వెనక కూర్చున్నవారిదీ ఇదే కథ. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. మన దగ్గర భర్త హెల్మెట్ పెట్టుకుంటాడు, వెనక ఒక పక్కకు తిరిగి కూర్చున్న భార్యకు చీర కొంగే దిక్కు.

కోనసీమలో కొబ్బరి చెట్టు మీంచి పడిన దింపు కార్మికుడికి తలతో పాటు మెడా, వెన్నూ దెబ్బతినవచ్చు. కంగారులో చంకల కింద చేతులేసి ఎత్తి ఆటోలో కూర్చోబెడితే మెడకు మరింత హాని జరగొచ్చు. దింపువారి కోసం కొబ్బరి అభివృద్ధి మండలి ‘కేర సురక్ష’ బీమా పెట్టింది. తోట యజమానులే పూనుకుని తమ దగ్గర పనిచేసేవారిని అందులో చేర్పించాలి.

అందరికంటే తక్కువ పట్టించుకునేది ముసలివాళ్లను. బాత్రూంలో కాలు జారి తల గోడకు తగులుతుంది, చిన్న బొప్పి కడుతుంది, అంతే. గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారిలో మెదడు పైపొరల కింద రక్తం కొద్దికొద్దిగా చేరవచ్చు. రెండు మూడు వారాలకు మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మనుషుల్ని పోల్చుకోరు. “వయసు మీదపడింది కదా” అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. స్కానింగ్ తీసి సకాలంలో ఆ రక్తం తీసేస్తే చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

తాగి పడినవాళ్లను “పొద్దుటికి దిగిపోతుందిలే” అని అరుగు మీద పడుకోబెట్టడమూ అలాంటిదే. పుర్రెకూ పైపొరకూ మధ్య రక్తస్రావమైతే మనిషి కాసేపు చక్కగా మాట్లాడి, తర్వాత స్పృహ తప్పవచ్చు. స్పృహ ఎంతుందో కొలవడానికి 1974లో వచ్చిన గ్లాస్గో స్కేల్ 15 మార్కుల్లో 8, అంతకు తక్కువైతే తీవ్రమైన దెబ్బ. ఒక్కసారి చూసి వదిలేయకుండా మళ్లీ మళ్లీ లెక్కగట్టాలి. మార్కులు తగ్గుతున్నాయంటే న్యూరోసర్జన్ ఉన్నచోటికి పంపాలి. రాజోలు నుంచో అంతర్వేది నుంచో కాకినాడ చేరే దారిలో ఆక్సిజన్, బీపీ పడిపోతే బతికున్న మెదడూ దెబ్బతింటుంది.

రోడ్డు ప్రమాదాల చోటును పోలీసులు ఇప్పటికే ఐరాడ్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. చెట్టు మీంచి పడినవారు, బాత్రూంలో జారినవారు అందులోకి రారు. పోలీసుల దాకా వెళ్లని బండి ప్రమాదాలూ రావు. వీళ్లందరూ కనబడేది క్యాజువాలిటీలోనే. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, తలకు రక్షణగా ఏముంది, ఏ మాత్రలు వాడుతున్నారు అనే ఐదు ప్రశ్నలకు కేస్ షీట్లో చోటు కల్పించి, పేర్లు తీసేసిన ఆ వివరాలను నెలనెలా కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టాలి. వ్యవసాయ, ఇరిగేషన్ అధికారులను కూడా ఆ సమావేశానికి పిలవాలి.