యూటియావ్‌కి పది నిమిషాల రెసిపీ ఉండదు

"పది నిమిషాల్లో చైనీస్ యూటియావ్" అనే వీడియో కనిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. యూటియావ్ అంటే నూనెలో వేయించిన పొడవాటి మైదా కడ్డీ, లోపల గుల్లగా ఉండాలి. మైదాలో వంట సోడా గుప్పించి, ముద్ద చేసి, వెంటనే సాగదీసి నూనెలో పడేస్తారు. బయట గట్టిగా, లోపల పచ్చిగా, సోడా వాసనతో ఒక మైదా కడ్డీ తేలుతుంది. మైకు దగ్గర పెట్టి కరకర శబ్దం మాత్రం వినిపిస్తారు. విరిచి లోపల ఎలా ఉందో చూపించమనండి, చూద్దాం.

విరిస్తేనే కదా అసలు సంగతి తెలిసేది! చైనాలో పొద్దున్నే వేడి సోయా పాలతోనో, బియ్యపు గంజిలో ముంచుకునో తినే యూటియావ్ లోపల పెద్దపెద్ద గుల్లలుంటాయి. పాలూ గంజీ పీల్చుకునేది ఆ గుల్లలే. అవి లేకపోతే అంత నూనె కాచడం ఎందుకు, నాలుగు పూరీలు వేసుకోవచ్చు.

గుల్ల రావాలంటే పిండి నానాలి. పావుకిలో మైదా, చెంచాడు బేకింగ్ పౌడర్, ఉప్పు, కొంచెం నూనె, సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు. చపాతీ పిండి కంటే మెత్తగా కలిపి, నూనె రాసి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దున తీసి చల్లదనం పోయాక లాగి చూడండి, ఎంత లాగితే అంత సాగుతుంది. అప్పుడే కలిపిన పిండి లాగితే వెనక్కి ముడుచుకుపోతుంది. దాంతో కుస్తీ పట్టి ఏం లాభం? ఇంకో మాట, నానిన పిండిని మళ్లీ పిసకొద్దు. లోపల పట్టి ఉన్న గాలంతా పోతుంది.

తర్వాత పొడుగ్గా ఒత్తి, రెండు వేళ్ల వెడల్పున ముక్కలు కోసి, రెండేసి ఒకదానిమీద ఒకటి పెట్టి, చాప్‌స్టిక్‌తో నడుమ నిలువునా నొక్కుతారు. సోంగ్ రాజుల కాలంలో సేనాని యుయే ఫేని 1142లో చంపించిన మంత్రి చిన్ హ్వేయ్, అతని భార్య, ఈ రెండు ముక్కలూ వాళ్లేనని, జనం కసికొద్దీ నూనెలో వేయించారని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, జంటగా వేయడానికి వంటింటి కారణం వేరే ఉంది. ఒంటి ముక్క వేస్తే నూనె తగలగానే చుట్టూ గట్టిపడి, పొంగడం అక్కడితో ఆగిపోతుంది. రెండూ అంటుకున్న చోట నూనె తగలదు. అక్కడ పిండి ఇంకాసేపు మెత్తగా ఉంటుంది, లోపలి ఆవిరి దాన్ని ఉబ్బిస్తుంది. అందుకే అంచులు నొక్కకూడదు. ఆ కోసిన అంచులే విచ్చుకోవాలి.

నూనె 190 డిగ్రీలకు పైనే ఉండాలి. చిటికెడు పిండి వేస్తే ఠక్కున పైకి తేలాలి. వేశాక ఫోన్ చూస్తూ నిలబడితే కుదరదు, ఆపకుండా దొర్లిస్తూనే ఉండాలి.

ఇక "అసలు రుచి రావాలంటే పటిక పడాల్సిందే" అనే పెద్దమనుషులు. వీధి బళ్లవాళ్లు పటిక, సోడా కలిపి వాడేవారు, నిజమే. రెండూ కలిస్తే గ్యాస్ పుడుతుంది, పైన కరకర వస్తుంది. కానీ పటికలో ఉన్న అల్యూమినియం ఎక్కడికీ పోదు, మన కడుపులోకే వస్తుంది. చైనా ప్రమాణాల్లోనే ఇలాంటి వేపుళ్లలో అల్యూమినియం కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి ఉంది. కేఎఫ్‌సీ 2008లో చైనాలో యూటియావ్ మొదలుపెట్టినప్పుడు పటిక వేయలేదనే ప్రచారం చేసుకుంది. కోట్ల మందికి అమ్మేవాళ్లే మానేస్తే, ఇంట్లో నలుగురికి చేసుకునే మనకెందుకండీ పటిక? పటిక లేని బేకింగ్ పౌడర్ డబ్బాలు దొరుకుతున్నాయి, వెనక చదివి కొనుక్కోండి.

గోధుమపిండితో చేయొచ్చా అంటారా? తవుడు అడ్డం పడి అంత సాగదు, అంత పొంగదు. ఎయిర్ ఫ్రయర్‌లో అంటారా? పచ్చి పిండికి వద్దు, పొంగేలోపే ఎండిపోతుంది. నిన్న మిగిలినవి వేడి చేసుకోవడానికైతే అంతకంటే మంచిది లేదు.